నీళ్లలో దిగే కెమెరాకు నేనెంచిన కార్డులు

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ పెద్ద నిర్ణయాలేవీ నా బల్ల మీదికి రాలేదు. చెరువుల మరమ్మతులు చూసే మా ఆఫీసు హన్మకొండలో ఉండేది. అందులో కొలత పరికరాలన్నీ నా చేతి కింద ఉండేవి. ఎవరు ఏది తీసుకెళ్లినా నా దగ్గర సంతకం పెట్టాలి, తిరిగి తెచ్చాక తుడిచి లోపల పెట్టడం నా పని. అలాంటి పనిలో గర్వపడటానికి ఏముంటుందని కొత్తగా చేరిన పిల్లలు మొహమాటపడుతూ అడుగుతుంటారు. వాళ్లకు నేనెప్పుడూ చెప్పేది ఒక్కటే, గోరంత మెమరీ కార్డుల సంగతి.

నేను రిటైర్ కావడానికి కొన్నాళ్ల ముందు మా ఆఫీసుకు నీళ్లలో దిగే కెమెరా వచ్చింది. పసుపుపచ్చ రంగు, అరచేతిలో పట్టేంత. దాని చుట్టూ అద్దంలాంటి గట్టి డబ్బా, డబ్బా మూతకు సన్నని నల్ల రబ్బరు రింగు, పక్కన ఒక లైటు. అంతకుముందు చెరువు తూము అడుగున ఏం జరిగిందో తెలియాలంటే రెండే దారులు. నీళ్లు ఖాళీ చెయ్యాలి, లేదా నీళ్లలో మునిగి చేత్తో తడిమి వచ్చిన మనిషి చెప్పింది నమ్మాలి. ఈ కెమెరాతో మూడో దారి దొరికిందని మా పెద్దసారు ఎంత సంబరపడ్డాడంటే, దాన్ని పెట్టెలోంచి తీసిన రోజే మమ్మల్ని దగ్గర్లోని ఒక కుంటకు పరుగెత్తించాడు.

కుంటలో దిగినవాడు చాలాసేపు అంతా తిప్పి చూపించి పైకొచ్చాడు. కార్డును కంప్యూటర్లో పెట్టి చూస్తే మొదట కొంచెంసేపు బురదనీళ్లు, ఆ తర్వాత ఏమీ లేదు. రికార్డింగు మధ్యలోనే ఆగిపోయింది. కింద ఉన్న మనిషికి ఆ సంగతి తెలియనే లేదు.

"మంచిగుంది. గింత పైసలు వెట్టి కొన్నది బురద సూసేటందుకా?" అన్నాడు పెద్దసారు. కోపం వస్తే ఆయన గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అదే మాకు భయం.

కెమెరాను తయారుచేసిన వాళ్ల మీద తప్పు వేసి పంపేద్దామన్నారు అందరూ. నాకెందుకో కార్డు మీద అనుమానం వచ్చింది. కెమెరాతో పాటు ఎవరో ఉచితంగా పడేసిన కార్డు అది. "సార్, కార్డు నేను సూస్తా. నాకు జర టైమియ్యుండ్రి" అన్నాను. కార్డు చూడటానికి టైమెందుకో ఆయనకు అర్థం కాలేదు. కానీ సరేనన్నాడు.

మా ఆఫీసులో అప్పుడే చేరిన ఒక ఇంజనీరు ఉండేవాడు. చురుకైనవాడు, మాటకు మాట చెప్పేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. "దీనికి ఆలోచన ఏముందక్కా? బజార్ల దొరికే అన్నిట్లకంటే పెద్ద కార్డు తెచ్చి పెట్టేద్దాం. డబ్బా ఎన్నిసార్లు తెరుస్తే అన్నిసార్లు ఆ రబ్బరు కాడ ఇసుక రేణువు పడొచ్చు, ఎంటికె పడొచ్చు. గంత చాలు నీళ్లు లోపటికి వచ్చేటందుకు. ఒక్కసారి మూసినమంటే సాయంత్రం దాకా తెరిచే పని ఉండద్దు."

అతను చెప్పింది నిజమే. కానీ రోజంతా తీసిందంతా ఒకే కార్డులో ఉంటే, ఆ కార్డుకేమైనా అయిన రోజున అంతా పోతుంది. ఇద్దరం పరికరాల గదిలో చాలాసేపు వాదించుకున్నాం. చివరికి కెమెరా బ్యాటరీయే మా తగువు తీర్చింది. బ్యాటరీ అయిపోతే డబ్బా ఎలాగూ తెరవాలి. కాబట్టి ఒక బ్యాటరీ నడిచినంతసేపు తీసింది పట్టి, ఇంకొంచెం చోటు మిగిలే కార్డు చాలు. బ్యాటరీ మార్చేటప్పుడే కార్డూ మార్చాలి. అదనంగా ఒక్కసారి కూడా తెరవనక్కర్లేదు.

"గిది ముందే ఎందుకు తట్టలే మనకు?" అన్నాడు.

"ఒకలనొకలం తిట్టుకునుట్ల పడ్డం కదా" అన్నాను.

ఆ తర్వాత బజారుకు వెళ్లాం. హన్మకొండ చౌరస్తా దగ్గర ఫోన్ల సామాను అమ్మే దుకాణం సేటు మాకు పాత పరిచయం. ఆయన తండ్రి రోజుల్లో రేడియోలు బాగుచేసిన దుకాణం అది. కౌంటరు మీద రంగురంగుల కార్డులు పరిచాడు. ఒకదాని మీద ఉన్న అంకె చూసి మా ఇంజనీరు కళ్లు పెద్దవయ్యాయి. అంత పెద్ద కార్డు అంత తక్కువకా!

"సేటూ, గిది నింపి సూస్త. నిండకపోతే వాపసు తెస్త" అన్నాను.

"కార్డు నింపుతవా మేడం? దాన్ని ఎవలన్న నింపుతరా?" అని నవ్వాడు.

నింపాను. ఆఫీసు కంప్యూటరులో పాత వీడియోలన్నీ ఆ కార్డులోకి చివరిదాకా పంపి, మళ్లీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. కొంతవరకు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతవన్నీ పేర్లు మాత్రమే, లోపల బొమ్మ లేదు. పైన రాసిన అంకె ఒకటి, లోపల ఉన్న చోటు ఒకటి. నిండిపోయాక కూడా ఆ కార్డు ఫిర్యాదు చెయ్యదు, అన్నీ తీసుకున్నట్టే నటిస్తుంది. సేటు దగ్గరికి పట్టుకెళ్లి చూపిస్తే ఆయన ముఖం మాడిపోయింది. మోసం చేసే మనిషి కాదాయన, ఆయననే ఎవరో మోసం చేశారు. ఆ రకం కార్డులన్నీ గల్లాపెట్టె వెనక్కి నెట్టేసి, "మేడం, ఇగ మీరు పాస్ చేసినయే అమ్ముత" అన్నాడు. అన్నట్టే చాలాకాలం నాకు కార్డులు చూపించి గానీ కౌంటరు మీద పెట్టలేదు.

నిండా నిండే కార్డులు దొరికాయి. వాటిలో ఏది మంచిదో తేల్చాలి. ఆఫీసు వెనక సంపులో కెమెరాను దించి ఒక్కో కార్డూ పరీక్షించాను. అన్నీ బాగానే పనిచేశాయి. అదే నాకు నచ్చలేదు. కుంటలో ఆగినది సంపులో ఎందుకు ఆగలేదు? సంపులో నీళ్లు తేటగా ఉన్నాయి, చూపించడానికి నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. చెరువు అడుగున అయితే లైటు వెలుగులో లక్ష నలుసులు కదులుతుంటాయి. అవన్నీ బొమ్మలో పడాలంటే కార్డు చాలా వేగంగా రాసుకోవాలి. నెమ్మదిగా రాసే కార్డు అక్కడే చేతులెత్తేస్తుంది.

మర్నాడు ఇంటి నుంచి వస్తూ చెరువు మట్టి ఒక సంచిలో తెచ్చి సంపులో పోసి కర్రతో కలిపాను. మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, నీకేమన్న అయిందా? నిన్ననే కడిగిన సంపు! సార్లు చేతులు కడుక్కునేది గీ నీళ్లతోనే!" మా ఇంజనీరు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఆ బురద సంపులో ఉచితంగా వచ్చిన పాత కార్డు కుంటలో ఆగినట్టే ఆగింది. కొత్తవాటిలో కొన్ని ఆగాయి, కొన్ని ఆగలేదు. ఆగని వాటిలో ఒకే రకానివి, నీళ్లు దూరే అతుకు లేకుండా ఒకే ముద్దగా పోతపోసినవి ఏరి పెట్టాను. కెమెరా సెట్టింగుల్లో వెతికితే వీడియోను ఒకే పెద్ద ఫైలుగా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాసే ఏర్పాటు కనిపించింది. అదీ పెట్టాను. మధ్యలో కరెంటు పోయినా చివరి ముక్కే పోతుంది, ముందువి మిగులుతాయి.

ఇదంతా చెయ్యడానికి నేను తీసుకున్న సమయం చూసి ఆఫీసులో నాకు కార్డుల మేడం అని పేరు పెట్టారు. వాచ్‌మన్ అయితే సంపు కడిగినప్పుడల్లా తాళం వేసేవాడు.

ఆ యాసంగిలో, రెండో పంట వేళ, ములుగు అడవుల వైపు నుంచి కబురొచ్చింది. అక్కడి ఒక పాత చెరువు తూము నుంచి ఎర్రటి బురదనీళ్లు వస్తున్నాయి. తూము తలుపు దించుదామంటే దిగడం లేదు. చెరువులతో పనిచేసినవాళ్లకు ఎర్రనీళ్లంటే గుండె జారుతుంది. తూము గోడ పగిలి కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతుంటే నీళ్లు అలాగే ఎర్రగా వస్తాయి. అదే అయితే కట్ట ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. కట్ట కింద ఊళ్లున్నాయి.

మేం వెళ్లేసరికి, చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి దగ్గర మట్టి తవ్వే ప్రొక్లెయినర్ సిద్ధంగా ఉంది. మత్తడి కోసి చెరువు ఖాళీ చెయ్యాలని పెద్దసారు నిర్ణయం. దాని ముందు ఆయకట్టు రైతులు కూర్చున్నారు, ఆడవాళ్లే ఎక్కువ. నాట్లు పడి పొలాలు అప్పుడప్పుడే పచ్చబడుతున్నాయి. నీళ్లు వదిలేస్తే ఆ యాసంగి మొత్తం పోయినట్టే.

"సారూ, మా పొలాలు ఎండవెట్టి నువ్వేం బాగువడ్తవ్?" అని ఒక అవ్వ నిలదీసింది. కొంగు నడుముకు బిగించి ఉంది, చేతికి పొలం బురద ఇంకా ఆరలేదు.

"అవ్వా, పొలం పోతే మళ్లేసుకుంటం. రాత్రి కట్ట తెగితే మనుషులు పోతరు. ఏది కావాలె చెప్పు?" అన్నాడు పెద్దసారు. ఆయన మాటలో కాఠిన్యం లేదు. ముందురోజు నుంచి ఆయన సరిగా తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అవ్వ అక్కడి నుంచి లేవనే లేదు.

"సార్, కెమెరా దించుదాం. లోపల ఏమున్నదో కండ్లతోని సూసినంక కోద్దాం" అన్నాను. ఏటూరునాగారం అవతల గోదావరిలో పని చేస్తున్న ఒక డైవర్ను మా ఇంజనీరు అప్పటికే పిలిపించాడు. కాకినాడ దగ్గరివాడు, ఓడల కింద పనిచేసి వచ్చినవాడు. పెద్దసారు ప్రొక్లెయినర్ డ్రైవర్ వైపు చెయ్యెత్తి ఆగమన్నాడు.

నేను జీపులో అద్దాలు మూసి, పొడి తువ్వాలు పరిచి, రబ్బరు రింగు తుడిచి, మొదటి కార్డు పెట్టి డబ్బా మూశాను. డైవర్ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. బ్యాటరీ అయ్యే వేళకు పైకొచ్చాడు. కార్డు మార్చి, ఆ మొదటిదాన్ని చూశాం. తూము పైభాగం, రాతి గోడ, రాళ్ల మధ్య సున్నం స్పష్టంగా కనిపించాయి. ఎక్కడా పగులు లేదు. కానీ అసలు చూడాల్సింది అడుగున, తలుపు దిగే చోట. అక్కడిదాకా వెలుగు పోలేదు.

రెండోసారి డైవర్ ఇంకా లోపలికి వెళ్లాడు. తాడు పట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా ముందుకు తూలారు. అందరం కలిసి వెనక్కి లాగాం. అతను పైకి తేలి, కట్ట రాళ్లు పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. అతని చేతిలోని కెమెరా డబ్బా సగం నీళ్లతో నిండి ఉంది. లైటు ఆరిపోయింది.

"నీటి ఒరవడి సందులోకి లాగేసిందండి. రాయికి కొట్టుకుని మూత సడలిపోయిందండి మేడంగారూ. నా కంటికి మాత్రం అంతా చీకటేనండి. ఏదో అడ్డం తగిలింది చేతికి. చెక్కో, రాయో చెప్పలేను. కెమెరా మాత్రం దాని ముందే పెట్టానండి."

కెమెరా చచ్చిపోయింది. డైవర్ను మళ్లీ దింపే ప్రశ్నే లేదు. చెరువు అడుగున ఉన్న నిజం అప్పుడు ఒక్క తడిసిన కార్డులో ఉంది, లేదా ఎక్కడా లేదు.

కార్డు బయటికి తీశాను. బురదనీళ్లు కారుతున్నాయి. "ఇటియ్యక్కా, లాప్‌టాప్‌ల పెడ్త" అని మా ఇంజనీరు చెయ్యి చాపాడు.

"వద్దు. తడిమీద కరెంటు తగిలితే ఉన్నది గూడ పోతది."

జీపు డ్రైవర్ దగ్గర బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ల క్యాను ఉంది. ఆ నీళ్లతో కార్డును మెల్లగా కడిగి, బురద పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి, మెత్తని నూలుబట్టతో అద్ది, జీపు సీటు మీద నీడలో పెట్టాను.

అవ్వ దగ్గరికొచ్చి వంగి చూసింది. "బియ్యంల పెట్టు బిడ్డా. మా పిలగాని ఫోను నీళ్లల్ల పడితే గట్లనే చేసిండ్రు."

"బియ్యం పిండి దీని ఎనక మెరిసే పండ్లల్ల ఇరుక్కుంటది అవ్వా. గాలికే ఆరనియ్యి" అన్నాను.

పెద్దసారు వచ్చాడు. "ఎంతసేపు?"

"పొద్దు ఆ తాళ్ల మీదికి రావాలె సార్."

ఆయన తాటిచెట్ల వైపు చూశాడు, తూము కాలువలో ఎర్రనీళ్ల వైపు చూశాడు. కింది ఊళ్లలో జనాన్ని ఎత్తు ప్రదేశాలకు పొమ్మని చెప్పించి, కట్ట మీద మనుషుల్ని కాపలా పెట్టాడు. అప్పుడు నాతో, గొంతు బాగా తగ్గించి, "నీ మాట మీదనే ఆగుతున్న" అన్నాడు.

నా ఉద్యోగంలో అంత బరువైన మాట ఎవరూ నాతో అనలేదు. అవ్వ నా పక్కనే కూర్చుంది. తన పొలం ఆ తూము కిందనేనని, ఆ ఏడు విత్తనం మంచిగా మొలిచిందని చెబుతూ ఉంది. నేను ఊఁ కొడుతున్నానే గానీ చూపంతా సీటు మీదే ఉంది. సంపులో మట్టి కలపడం, కార్డులు నింపి చూడటం అంతా గుర్తొచ్చింది. నేను చెయ్యగలిగినంతా చేశాను, కానీ చెరువు అడుగున కొట్టుకున్న దెబ్బకు ఏం మిగిలిందో నాకెలా తెలుస్తుంది? ఒకవేళ ఏమీ లేకపోతే? ఈ ఆగిన గంటల్లోనే కట్ట జారితే? 

పొద్దు తాళ్ల మీదికి వచ్చింది. కార్డు పెట్టాను. లాప్‌టాప్‌ కార్డును గుర్తించలేదు. మా ఇంజనీరు ముఖం చిన్నబోయింది. తీసి, కార్డు వెనక మెరిసే లోహపు పండ్లను పొడిబట్టతో ఒకసారి అద్ది మళ్లీ పెట్టాను. యంత్రం కొంచెంసేపు ఆలోచించింది. ఆ తర్వాత వీడియో ముక్కలు వరసగా తెరమీదికి వచ్చాయి.

చివరి ముక్క తెరుచుకోలేదు. కెమెరాలోకి నీళ్లు పోయిన క్షణం అదే. దాని ముందుది తెరిచాను.

నలుసులు, బురద, ఊగే వెలుగు. ఆ వెలుగులో తూము అడుగు రాళ్లు కనిపించాయి. అటు గోడ, ఇటు గోడ, రాయికి రాయి అతుక్కుని ఎప్పుడో కట్టినవాళ్లు కట్టినట్టే నిలబడి ఉన్నాయి. మధ్యలో తలుపు. తలుపు కింద, అడ్డంగా ఇరుక్కుని, వేళ్లతో సహా ఒక చెట్టు మొద్దు. ఆ సందులోంచి చెరువు అడుగున పేరుకున్న ఎర్ర పూడిక పొగలా లోపలికి పోతోంది. పోయేది పూడిక. కట్ట మట్టి కాదు.

"మళ్ల పెట్టు" అన్నాడు పెద్దసారు. పెట్టాను. "మళ్ల." మళ్లీ పెట్టాను. గోడల దగ్గర ఆపించి, వేలితో తెర మీద రాళ్ల వరసలు చూపిస్తూ డైవర్ను అడిగాడు. "ఇదేనండి నా చేతికి తగిలింది" అన్నాడు డైవర్ మొద్దును చూసి. మొదటి కార్డు కూడా పెట్టి రెండూ కలిపి చూశాడు. చూసి, నడుము నిటారు చేసి, మత్తడి వైపు తిరిగి అరిచాడు. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

"మిషన్ వాపసు తోలుకపో!"

జనం లాప్‌టాప్‌ చుట్టూ మూగారు. పుట్టిన దగ్గర్నుంచి ఆ నీళ్లు తాగి, ఆ నీళ్లతో పండించిన వాళ్లలో చెరువు నిండుగా ఉండగా దాని అడుగును ఎవరూ చూడలేదు. అవ్వ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వచ్చింది. "గిదేనా మన చెర్వు లోపలిది? ఎంత సక్కగ కట్టిండ్రే!" అంది. నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

ఆ రాత్రంతా కట్ట మీద కాపలా ఉంచే పెద్దసారు నిద్రపోయాడు. తెల్లారి డైవర్కు తోడుగా మరొకడు వచ్చాడు. ఇప్పుడు ఎక్కడ ఏముందో తెలుసు కాబట్టి, లాగే చోటుకు దూరంగా ఉండి, పొడవాటి ఇనుప కొక్కేన్ని మొద్దు వేళ్లకు తగిలించారు. తాడు కట్ట మీదికి వచ్చింది. ముందురోజు మిషన్ ముందు కూర్చున్నవాళ్లందరూ తాడు పట్టారు. మా ఇంజనీరు చొక్కా విప్పి వాళ్లలో కలిశాడు. మొద్దు కదిలి, తిరిగి, నల్లగా పైకి తేలింది. తూము తలుపు దభీమని దిగింది. కాలువలో ఎర్రనీళ్లు సన్నబడి ఆగిపోయాయి.

పిల్లలూ, ఎందుకు చెబుతున్నానంటే, మీ బల్ల మీదికీ చిన్న పనులే వస్తాయి. కేబుల్ ఎంచడం, బ్యాటరీ ఎంచడం, రబ్బరు రింగు మార్చడం. ఎవరూ చూడరు, చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు మాత్రం ఆ వస్తువును అది పనిచెయ్యాల్సిన చోటులాంటి చోట పెట్టి చూడండి. తేటనీళ్లలో పరీక్షించి సరిపోయిందనుకోకండి. నాకు ప్రమోషన్ రాలేదు, పత్రికలో పేరూ పడలేదు. తర్వాత వేరే జిల్లాల ఇంజనీర్లు కెమెరా కొన్నప్పుడల్లా మా పెద్దసారు వాళ్లను నా గదికి పంపేవాడు, "కార్డుల సంగతి ఆమెనడుగుండ్రి" అని. అది నాకు చాలు. అంతకంటే ఎక్కువే నాకు దొరికింది, మొద్దు తీసిన రోజు మధ్యాహ్నం.

వీడియోలో గోడలన్నీ మరోసారి చూసుకుని, తూము తలుపును ఎత్తించి దింపించి చూసి, పెద్దసారు దాన్ని కొంచెంగా ఎత్తమన్నాడు. నేను కింద కాలువ గట్టు మీద నిలబడ్డాను. మొదట మిగిలిన బురద వచ్చింది. తర్వాత నీళ్ల రంగు మారుతూ వచ్చింది, ఎరుపు, గోధుమ, లేత పసుపు. చివరికి కాలువ అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా వచ్చింది. దూరంగా పొలాల్లో వంగి ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే నడుము ఎత్తి చూశారు. ఎవరో గట్టిగా కేక వేశారు. ఆ కేక ఒక మడి నుంచి ఇంకో మడికి పాకుతూ పోయింది. నేను చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కాలువలోకి దిగి దోసిలితో ఆ నీళ్లు తీసుకుని ముఖం కడుక్కున్నాను.